బిలాస్‌పూర్: బొగ్గు సీమలోనే బొగ్గు కొరత ఎందుకొస్తుంది? ప్రణాళికా వ్యవస్థలో ముడిసరుకు ముందుగా ఎవరికి అందుతుంది?

2022 ఏప్రిల్ చివరి వారంలో ఛత్తీస్‌గఢ్ మీదుగా వెళ్లే 20కి పైగా ప్రయాణికుల రైళ్లను భారతీయ రైల్వే దాదాపు నెల రోజుల పాటు రద్దు చేసింది. పెళ్లిళ్లు, వేసవి సెలవుల కోసం ముందుగానే టికెట్లు కొనుక్కున్నవారు స్టేషన్ల నుంచి వెనుదిరిగారు. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఈ నిర్ణయంపై బహిరంగంగానే అభ్యంతరం తెలిపారు. రద్దుకు కారణం బొగ్గు. దేశంలోని విద్యుత్ కేంద్రాలకు బొగ్గు చాలడం లేదు. బొగ్గు రైళ్లు వేగంగా కదలాలంటే పట్టాలు ఖాళీగా ఉండాలి. అదే కారణంతో దేశమంతటా మే 24 వరకు 650కి పైగా రైలు ప్రయాణాలు రద్దయినట్లు ఆ రోజుల్లో లెక్క తేలింది.

దేశంలో అత్యధికంగా బొగ్గు దొరికే ప్రాంతాల్లో ఒకటైన కోర్బా బొగ్గు క్షేత్రానికి బిలాస్‌పూర్ ముఖద్వారం. ఆ బొగ్గును తవ్వే సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ లిమిటెడ్ (ఎస్ఈసీఎల్) ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది. ఆ బొగ్గును మోసుకెళ్లే ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయమూ ఇక్కడే. తవ్వేవారు, మోసేవారు ఒకే ఊళ్లో కొలువు తీరినా కొరత రావడం, దాని భారం చివరికి రైలెక్కవలసిన సామాన్యుడి మీద పడటం పైకి వింతగానే కనిపిస్తుంది. ముడిసరుకుల పంపిణీని ధరలకు వదిలేయకుండా ఆదేశాలతో నడిపే ఆర్థిక వ్యవస్థలో మాత్రం ఇది అరుదేమీ కాదు.

రైలు తెచ్చిన ఊరు

నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ వరకు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. కట్నీ వైపు వెళ్లే శాఖ కూడా ఆ కాలానిదే. అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ అలా జంక్షన్ అయింది. లోకో షెడ్లు, యార్డులు, రైల్వే కాలనీలు వెలిశాయి. 1931లో రాయ్‌పూర్-విజయనగరం మార్గం పూర్తికావడంతో ఉత్తరాంధ్రతో రాకపోకలు పెరిగాయి. నేటికీ నగరంలోని రైల్వే కాలనీల చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. కోర్బా-విశాఖపట్నం, బిలాస్‌పూర్-తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లు వారికి సొంతూరి దారులు. ఈ ఊళ్లో రైలు రద్దు కావడం అంటే తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లే దారి మూసుకుపోవడం అని అర్థం చేసుకునేవారు చాలామందే ఉంటారు.

కోర్బాలో బొగ్గు ఉన్న సంగతి అంతకు ముందే తెలిసినా, దాని అసలు చరిత్ర 1950లలో, చాంపా నుంచి కోర్బాకు రైలు శాఖ పడినప్పుడు మొదలైంది. అప్పటికి దేశం రెండో పంచవర్ష ప్రణాళికకు సిద్ధమవుతోంది.

కాగితం మీద సరిపోయిన లెక్కలు

1956-61 కాలానికి వేసిన రెండో ప్రణాళిక వెనుక గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆలోచన ఉంది. ముందు భారీ పరిశ్రమలు, యంత్రాలను తయారుచేసే యంత్రాలు రావాలి, వినియోగ వస్తువులు ఆ తర్వాత వాటంతటవే వస్తాయన్నది దాని సారాంశం. ఇందుకోసం ఏటా ఒక్కో మిలియన్ టన్నుల సామర్థ్యంతో మూడు ఉక్కు కర్మాగారాలను తలపెట్టారు. సోవియట్ సహాయంతో భిలాయ్, పశ్చిమ జర్మనీ సహాయంతో రూర్కెలా, బ్రిటన్ సహాయంతో దుర్గాపూర్ అలా వచ్చాయి. భిలాయ్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు.

ఆ కొలిమికి కావలసిన సరుకులను చూస్తే ప్రణాళికా వ్యవస్థ ఎంత సున్నితమైన గొలుసో తెలుస్తుంది. ఇనుప ఖనిజం దల్లి-రాజ్‌హరా గనుల నుంచి వస్తుంది. సున్నపురాయి నందిని నుంచి, డోలమైట్ బిలాస్‌పూర్ సమీపంలోని హిర్రి గని నుంచి వస్తాయి. ఇవన్నీ దగ్గరివే. బొగ్గు దగ్గరే చిక్కు. కోర్బా బొగ్గులో బూడిద ఎక్కువ, దానంతట అది గట్టి కోక్‌గా మారదు. బాయిలర్ కింద మండటానికి అది చక్కగా పనికివస్తుంది. కొలిమిలో ఖనిజం బరువును మోస్తూ ఇనుమును కరిగించే కోక్‌కు మాత్రం వేరే జాతి బొగ్గు కావాలి. అది తూర్పున ఝరియా ప్రాంతంలో ఉంది. కాబట్టి దేశంలోనే అతిపెద్ద బొగ్గు క్షేత్రాల్లో ఒకటి రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉన్నా, భిలాయ్‌కి కోకింగ్ బొగ్గు అంతకు కొన్ని రెట్లు దూరం నుంచి, బిలాస్‌పూర్ యార్డు దాటి రావలసి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి సముద్రం మీద విశాఖపట్నానికి చేరి, అక్కడి నుంచి రైలెక్కే బొగ్గు కూడా దానికి తోడైంది.

ప్రణాళికా రచయితలు ఈ అవసరాలను టన్నుల్లో లెక్కగట్టారు. ఇంత ఉక్కుకు ఇంత కోక్, ఇంత కోక్‌కు ఇంత బొగ్గు, ఇంత బొగ్గుకు ఇన్ని వ్యాగన్లు, ఇన్ని వ్యాగన్లకు మళ్లీ ఇంత ఉక్కు. సోవియట్ యూనియన్‌లో 1921లో ఏర్పడిన గోస్‌ప్లాన్ అనుసరించిన 'సరుకుల తూకం' పద్ధతికి ఇది దూరపు బంధువు. ఒక పక్క లభ్యత, మరో పక్క అవసరం రాసి, రెండూ సరిపోయేదాకా అంకెలు సవరించడం ఆ పద్ధతి. భారత్‌లో ప్రైవేటు రంగం, మార్కెట్ కొనసాగాయి కనుక ఇక్కడిది పూర్తి సోవియట్ నమూనా అనలేం. అయితే బొగ్గు, ఉక్కు, రైలు వ్యాగను అనే మూడింటి విషయంలో మాత్రం ఎవరికి ఎంత అన్నది చాలాకాలం ప్రభుత్వ బల్ల మీదే తేలింది.

ఈ పద్ధతిలోని బలహీనత ఒక్కటే. ఒక్క అంకె తప్పినా ఆ తప్పు గొలుసంతా పాకుతుంది. 1955లో 38 మిలియన్ టన్నులుగా ఉన్న బొగ్గు ఉత్పత్తి రెండో ప్రణాళిక ముగిసేనాటికి 60 మిలియన్ టన్నులకు చేరాలని లక్ష్యం పెట్టారు. ఇందుకోసమే 1956లో జాతీయ బొగ్గు అభివృద్ధి సంస్థను స్థాపించారు. కోర్బాలో కొత్త గనులను తెరిచింది ఆ సంస్థే. ఉత్పత్తి పెరిగింది గాని లక్ష్యాన్ని అందుకోలేదు. మూడో ప్రణాళికలో అంచనా అవతలి వైపుకు తప్పింది. 97 మిలియన్ టన్నులు కావాలనుకుంటే, ఉక్కు, విద్యుత్ ప్రాజెక్టులు వెనుకబడి అంత గిరాకీయే రాలేదు. ఉత్పత్తి 70 మిలియన్ టన్నులకు లోపే నిలిచినా గనుల వద్ద సరుకు పేరుకుపోయింది. ఒక ప్రణాళికలో కొరత, మరుసటి దానిలో మిగులు. రెంటికీ మూలం ఒకటే, ఐదేళ్ల ముందు ఢిల్లీలో వేసిన అంచనా.

మూడు కాళ్ల పరుగు

ముడిసరుకు లోటు ఒక పరిశ్రమ నుంచి మరో పరిశ్రమకు ఎలా అంటుకుంటుందో 1979-80 చూపింది. ఆ ఏడు తీవ్రమైన వర్షాభావంతో జలవిద్యుత్ తగ్గింది. థర్మల్ కేంద్రాలకు బొగ్గు చాలలేదు. కరెంటు కోతలతో తూర్పు భారత గనుల్లో పంపులు, కప్పీలు ఆగి బొగ్గు ఉత్పత్తి దెబ్బతింది. బొగ్గు, విద్యుత్ రెండూ తగ్గడంతో రైళ్లు నెమ్మదించాయి. రైళ్లు నెమ్మదించడంతో గనుల దగ్గర ఉన్న బొగ్గు కూడా కదలలేదు. ఉక్కు తగ్గింది. ఉక్కు తగ్గడంతో చక్రాలు, ఇరుసులు, వ్యాగన్ల తయారీ వెనుకబడింది. 1976-77లో దాదాపు 212 మిలియన్ టన్నులుగా ఉన్న రైల్వే ఆదాయపు సరకు రవాణా 1979-80 నాటికి సుమారు 193 మిలియన్ టన్నులకు పడిపోయింది. ఆ సంవత్సరం దేశ స్థూల ఉత్పత్తి 5 శాతానికి పైగా కుంగింది. ఇందులో పెద్ద వాటా కరవుదే అయినా, బొగ్గు-విద్యుత్-రైలు అనే త్రికోణం ఆ దెబ్బను మరింత లోతు చేసింది.

సరిగ్గా 1980లోనే హంగేరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ 'ఎకనామిక్స్ ఆఫ్ షార్టేజ్' అనే గ్రంథం వెలువరించారు. కొరతను అక్కడక్కడా జరిగే పొరపాటుగా చూడకూడదని, కేంద్రీకృత ప్రణాళికకు అది పుట్టుకతో వచ్చిన లక్షణమని ఆయన వాదించారు. నష్టం వచ్చినా ప్రభుత్వం ఆదుకుంటుందన్న భరోసా ఉన్న కర్మాగారం ముడిసరుకు ఎంత దొరికితే అంత అడుగుతుంది. రేపు దొరకదేమోనన్న భయంతో అవసరానికి మించి దాచుకుంటుంది. అందరూ దాచుకోవడంతో ఉన్న సరుకు కూడా లేనట్టే అవుతుంది. సోవియట్ కర్మాగారాలు తమ సరఫరాలను సాధించుకు రావడానికి 'తొల్కాచ్' అనే మధ్యవర్తులను ఊరూరా తిప్పేవి. ఆ మాటకు 'నెట్టేవాడు' అని అర్థం. నెలలో మొదటి రోజులు సరుకు లేక ఖాళీగా గడిచి, చివరి రోజుల్లో లక్ష్యం కోసం రాత్రింబవళ్లు పనిచేయడం అక్కడ మామూలు సంగతిగా ఉండేది.

వరుసలో ఎవరి స్థానం ఎక్కడ?

ధర పెరిగితే బొగ్గు ఎవరికి దొరకాలో డబ్బు నిర్ణయిస్తుంది. ధర పెరగని చోట వరుస నిర్ణయిస్తుంది. 1945 నాటి కోలరీ కంట్రోల్ ఆర్డర్‌తో బొగ్గు ధర, పంపిణీ ప్రభుత్వ అదుపులోకి వచ్చాయి. 1972లో కోకింగ్ బొగ్గు గనులను, 1973లో మిగతావాటిని జాతీయం చేశారు. 1975లో కోల్ ఇండియా, 1985లో దాని శాఖగా ఎస్ఈసీఎల్ ఏర్పడ్డాయి. ఏ కర్మాగారానికి ఏ గని నుంచి ఎంత బొగ్గు అన్నది 'లింకేజీ' అనే కేటాయింపుతో తేలేది. 2000 సంవత్సరం నాటికి ధరలపై చట్టబద్ధ నియంత్రణ తొలగింది. వరుస మాత్రం మిగిలింది.

2007 అక్టోబరులో వచ్చిన కొత్త బొగ్గు పంపిణీ విధానంలో ఈ వరుస స్పష్టంగా రాసి ఉంది. విద్యుత్, ఎరువుల కర్మాగారాలకు లెక్కగట్టిన అవసరంలో 100 శాతం, ఇతర పరిశ్రమలకు 75 శాతం. అప్పటి విధానంలో ఏడాదికి 4,200 టన్నుల లోపు వాడే చిన్న పరిశ్రమలు నేరుగా బొగ్గు సంస్థతో ఒప్పందానికి రాలేకపోయేవి, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఏజెన్సీ ద్వారా పొందవలసి వచ్చేది. మిగిలిన లోటును వేలంలోనో, దిగుమతితోనో పూడ్చుకోవాలి. రైలు విషయంలోనూ ఇలాంటిదే మరో వరుస ఉంది. 1989 రైల్వే చట్టం 71వ సెక్షన్ కింద ఏ సరుకుకు ముందుగా వ్యాగన్లు ఇవ్వాలో కేంద్రం ఆదేశించవచ్చు. అంటే బొగ్గు చేతికి రావాలంటే ఒక పరిశ్రమ రెండు వేర్వేరు వరుసల్లో, ఇద్దరు వేర్వేరు అధికారుల ముందు నిలబడాలి. బిలాస్‌పూర్‌లో ఆ రెండు కార్యాలయాల మధ్య దూరం పెద్దగా లేకపోయినా, ఒకటి బొగ్గు మంత్రిత్వ శాఖకు, మరొకటి రైల్వే శాఖకు జవాబు చెప్పుకుంటాయి.

2021 అక్టోబరు తొలినాళ్లలో ఈ వరుస అసలు స్వరూపం బయటపడింది. కోవిడ్ రెండో ఉద్ధృతి తర్వాత విద్యుత్ గిరాకీ ఒక్కసారిగా లేచింది, అంతర్జాతీయ బొగ్గు ధరలు మండిపోయాయి, గనుల ప్రాంతాల్లో వానలు ఆగలేదు. ప్రభుత్వం పర్యవేక్షించే 135 విద్యుత్ కేంద్రాల వద్ద సగటున నాలుగు రోజుల నిల్వ మాత్రమే మిగిలింది. కోర్నాయ్ చెప్పిన దాచుకునే జబ్బుకు ఇది తిరగేసిన రూపం. వేసవిలో గనుల దగ్గర సరుకు ఉన్నప్పుడు చాలా కేంద్రాలు, ముఖ్యంగా బొగ్గు సంస్థలకు బకాయిపడినవి, నిల్వ పెంచుకోలేదు. ఆ నవంబరులో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నియమాలను మార్చింది. గని పక్కనున్న కేంద్రాలు కాలాన్ని బట్టి 12 నుంచి 17 రోజులకు, దూరపు కేంద్రాలు 20 నుంచి 26 రోజులకు సరిపడా బొగ్గు ఉంచాలని చెప్పింది.

ఈలోగా కోల్ ఇండియా తన సరఫరాలో విద్యుత్ రంగానికే పెద్దపీట వేసింది. ఇతర పరిశ్రమలకు వెళ్లే రేకులు తగ్గాయి. ఛత్తీస్‌గఢ్‌లో దాని దెబ్బ ఎవరికి తగిలిందో ఊహించడం కష్టం కాదు. కోర్బాలో బాల్కో అల్యూమినియం కర్మాగారం ఉంది. రాయ్‌పూర్, రాయ్‌గఢ్ చుట్టూ స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు వరుసకట్టి ఉన్నాయి. కిలో అల్యూమినియం తయారీకి దాదాపు 14 యూనిట్ల కరెంటు కావాలి. అందుకే ఈ కర్మాగారాలు సొంత బొగ్గు విద్యుత్ కేంద్రాలను పెట్టుకుంటాయి. కరెంటు కొన్ని గంటలు ఆగితే కుండీల్లో కరిగిన లోహం గడ్డకడుతుంది, వాటిని తిరిగి నడిపించడానికి నెలలు పట్టవచ్చు. అయినా వారి విద్యుత్ కేంద్రం వరుసలో 'విద్యుత్ రంగం' కాదు, 'ఇతరులు'. అల్యూమినియం పరిశ్రమ సంఘం ఈ విషయమై పదే పదే ప్రభుత్వాన్ని ఆశ్రయించింది. గ్రిడ్ విద్యుత్ ఆగితే కోట్లాది ఇళ్లు చీకటవుతాయన్న వాదనకు బలం ఉంది. అదే సమయంలో, బయట నుంచి గ్రిడ్ కరెంటు కొనవలసి వచ్చిన కర్మాగారం మళ్లీ ఆ గ్రిడ్ మీదే భారం వేస్తుందన్న సంగతి వరుసలో నమోదు కాదు.

2022 ఏప్రిల్ 29న దేశ గరిష్ఠ విద్యుత్ గిరాకీ 2,07,111 మెగావాట్లను తాకి అప్పటికి రికార్డు సృష్టించింది. పట్టాల మీద ప్రయాణికుల రైళ్లు ఆగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. మే 5న దిగుమతి బొగ్గుతో నడిచే కేంద్రాలన్నీ పూర్తి సామర్థ్యంతో పనిచేయాలని విద్యుత్ చట్టం 11వ సెక్షన్ కింద కేంద్రం ఆదేశించింది. అంతకు ముందే ముగిసిన 2021-22 ఆర్థిక సంవత్సరం లెక్కల్లో కోల్ ఇండియా 622 మిలియన్ టన్నులతో అప్పటికి అత్యధిక ఉత్పత్తి ప్రకటించగా, బిలాస్‌పూర్ కేంద్రంగా పనిచేసే ఎస్ఈసీఎల్ ఉత్పత్తి మాత్రం అంతకు ముందు ఏడాది 150 మిలియన్ టన్నుల నుంచి 142 మిలియన్ టన్నులకు తగ్గింది. మొత్తం పెరిగినంత మాత్రాన ప్రతి గని మీద ఆధారపడినవారికి సరిపోయినట్టు కాదు.

సొంత పట్టాలు ఉంటే సరిపోతుందా?

బిలాస్‌పూర్‌కు సమీపంలోని సీపత్‌లో ఎన్‌టీపీసీకి 2,980 మెగావాట్ల కేంద్రం, కోర్బాలో 2,600 మెగావాట్ల మరో కేంద్రం ఉన్నాయి. ఇవి ప్రధాన రైల్వే వ్యాగన్ల కోసం ఎదురుచూడవు. గని నుంచి కేంద్రానికి, కేంద్రం నుంచి తిరిగి గనికి చుట్టూ తిరుగుతూ ఉండే 'మెర్రీ గో రౌండ్' అనే సొంత రైలు మార్గం వాటికి ఉంది. వేల కిలోమీటర్ల దూరంలోని కేంద్రాలు రేకు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నప్పుడు, ఈ కేంద్రాలు సాఫీగా నడవడానికి ఇదే కారణం.

దీనికీ ఒక వెల ఉంది. సీపత్‌కు బొగ్గు ప్రధానంగా దీప్‌కా గని నుంచి వస్తుంది. 2019 సెప్టెంబరు చివర్లో కుండపోత వానలకు లీలాగర్ నది పొంగి, నీరు దీప్‌కా గనిలోకి చొచ్చుకెళ్లింది. తవ్వకం ఆగింది, సీపత్‌కు సరఫరా దెబ్బతింది. వ్యాగన్ల బెడద లేకుండా ఒకే గనికి కట్టుబడిన కేంద్రం ఆ గనికి వచ్చిన ఆపదను కూడా పంచుకోవాలి.

విశాఖ కొలిమి చల్లబడిన వేళ

ఈ కథకు తెలుగు నేల మీద ఒక కొనసాగింపు ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారానికి మొదటి నుంచీ సొంత ఇనుప గనులు లేవు. ఛత్తీస్‌గఢ్ దక్షిణాన ఉన్న బైలాడిలా నుంచి కిరండూల్-కొత్తవలస రైలు మార్గం మీద వచ్చే ఖనిజాన్ని కొనుక్కోవాలి. కోకింగ్ బొగ్గు దిగుమతి చేసుకోవాలి. నిర్వహణ మూలధనం అడుగంటినప్పుడు ఈ రెండూ చిక్కులే. 2024 సెప్టెంబరు నాటికి మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లలో ఒక్కటే నడిచే పరిస్థితి వచ్చింది. బ్లాస్ట్ ఫర్నేస్‌ను స్విచ్ వేసి ఆపి, మళ్లీ వేసి నడపలేరు. చల్లబడితే లోపలి ఇటుకల పూత దెబ్బతింటుంది, తిరిగి వేడెక్కించడమే ఒక పెద్ద పని. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అదే విశాఖ రేవు నుంచి భిలాయ్ కోసం కోకింగ్ బొగ్గు రేకులు ఉత్తరానికి సాగిపోతూ ఉంటాయి. భిలాయ్‌కి దల్లి-రాజ్‌హరా గనులు ఉన్నాయి, విశాఖకు లేవు. ప్రభుత్వ రంగంలోనే ఉన్న రెండు కర్మాగారాల మధ్య ఈ తేడా దశాబ్దాల క్రితం కేటాయింపుల బల్ల దగ్గరే మొదలైంది.

ఇప్పుడేం మారుతోంది?

2022 ఆగస్టు 15న ఆగ్నేయ మధ్య రైల్వే 'సూపర్ వాసుకి' అనే రైలును నడిపింది. ఐదు గూడ్సు రైళ్లను కలిపి, 295 వ్యాగన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, ఆరు ఇంజిన్లు, దాదాపు 27,000 టన్నుల బొగ్గు. కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు 267 కిలోమీటర్ల దూరానికి 11 గంటలకు పైగా పట్టింది. 3,000 మెగావాట్ల కేంద్రానికి అది సుమారు ఒక్క రోజు తిండి.

ఎస్ఈసీఎల్ ఉత్పత్తి కూడా మళ్లీ పెరిగి 2023-24లో 187 మిలియన్ టన్నులు దాటింది. ఒక్క గెవరా గని నుంచే 59 మిలియన్ టన్నులు వచ్చాయి. తవ్వకం పెరిగినకొద్దీ పట్టాల మీద ఒత్తిడీ పెరుగుతుంది. అందుకే గెవరా రోడ్ నుంచి పెండ్రా రోడ్ వరకు 135 కిలోమీటర్ల కొత్త మార్గాన్ని, ఖర్సియా-ధరమ్‌జయ్‌గఢ్-కోర్బా మార్గాన్ని తలపెట్టారు. వీటిలో రాష్ట్ర ప్రభుత్వం, ఇర్కాన్‌తో పాటు ఎస్ఈసీఎల్ కూడా భాగస్వామి. బొగ్గు తవ్వే సంస్థే పట్టాలకు పెట్టుబడి పెట్టడం ఆసక్తికరమైన మార్పు. బిలాస్‌పూర్ మీదుగా వెళ్లే పాత మార్గంలో మూడు, నాలుగో లైన్ల పనులు కూడా చేపట్టారు. ఆ పనుల కోసం బ్లాకులు తీసుకున్న ప్రతిసారీ కొన్ని ప్రయాణికుల రైళ్లు మళ్లీ రద్దవుతున్నాయి.